పోపుకు సంతకం కావాలి

అనంతశయనం చేసిన తప్పల్లా ఒక్కటే. డైరెక్టరు గారు ఒక మాట అడిగితే, ఉన్న సంగతి చెప్పాడు.

బెజవాడలోని గృహ సౌలభ్య సంచాలక కార్యాలయంలో అతను సీనియర్ అసిస్టెంటు. ఆ కార్యాలయం ఎందుకు పుట్టిందో అందులో పనిచేసేవాళ్ళకే సరిగ్గా తెలియదు. జనం ఇళ్ళలో పనులు సులువు చెయ్యాలని ఎప్పుడో ఒక ప్రభుత్వం అనుకుంది. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ సంగతి మర్చిపోయింది. మర్చిపోయినదాన్ని రద్దు చెయ్యడం ఎవరివల్లా కాదు కాబట్టి కార్యాలయం మిగిలిపోయింది. దుప్పట్లు సులువుగా మడతపెట్టడం ఎలాగన్నదాని మీద వాళ్ళు అప్పటికే ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. దానికి సవరణల పుస్తకం అచ్చులో ఉంది.

అనంతశయనానికి ఈ గొడవలేవీ పట్టవు. పదింటికి రావడం, ఐదింటికి సంచి భుజాన వేసుకుని ఇంటికి పోవడం, అంతే. అతని భార్య శేషారత్నం ఆసుపత్రిలో నర్సు. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరుతుంది. పొద్దున పూట మున్సిపల్ నీళ్ళు పట్టడం, క్యారేజీలు కట్టడం, అతను బస్సు అందుకోవడంతో ఇద్దరికీ ఊపిరి సలపదు. "తాళం ఎక్కడ?", "గ్యాస్ కట్టేశారా?" తప్ప ఇంకో మాట ఉండదు. మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకుని నాలుగు మాటలు చెప్పుకునేది రాత్రి కంచాల దగ్గరే. ఆ భోజనం అనంతశయనం వండుతాడు, ఇష్టంగా వండుతాడు.

ఆ సాయంత్రం అతను ఆఫీసు మెట్లు కొంచెం నెమ్మదిగా దిగుతున్నాడు, సంచిలో గుడ్లున్నాయి కాబట్టి. ఎదురుగా డైరెక్టరు పురందర్ గారు ఎక్కుతున్నారు. ఉద్యోగ జీవితాన్నీ ఇంటి జీవితాన్నీ సమం చెయ్యడం ఎలా అన్న సదస్సు ఏదో కొండ మీది హోటల్లో జరిగితే, ఆయన వెళ్ళి అప్పుడే దిగారు. సదస్సు వాళ్ళిచ్చిన బిళ్ళ ఇంకా మెడలో వేలాడుతోంది. ఇలాంటి సదస్సు నుంచి వచ్చిన అధికారికి ఎదురుపడకుండా ఉండటం ఉద్యోగ ధర్మాల్లో మొదటిది.

"ఏమయ్యా, అప్పుడే బయలుదేరావా?" అన్నారు పురందర్.

"అవునండి. వెళ్ళి వంట చెయ్యాలండి."

"నువ్వా?"

"మా ఆవిడ డ్యూటీ నించి ఆకలి మీద వస్తుందండి. వచ్చేసరికి వేడిగా ఏదో ఒకటి ఉండాలి కదండీ."

"ఏం వండుతావు?"

"ఏముంటే అదేనండి. టమాటాలుంటే చారు పెడతాను. గుడ్లుంటే పొరటు. ఏదీ లేకపోతే పెసరపప్పు ఉండనే ఉంటుంది. ఎంతండీ, అరగంట పని. కిరాణా కొట్లో దొరకని సరుకు ఒక్కటీ అక్కర్లేదు."

డైరెక్టరు గారు మెట్టు మీదే ఆగిపోయారు. కొండ మీద మూడు పూటలా విందు తింటూ, తెర మీద బొమ్మలు చూస్తూ, ఎంతోమంది మేధావులు తేల్చలేని విషయాన్ని గుడ్ల సంచీ పట్టుకున్న మనిషి తేల్చేశాడు. ఆయన కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు అనంతశయనం గమనించలేదు. గుడ్లు పగలకుండా ఇల్లు చేరాలన్న ధ్యాసలో ఉన్నాడు.

రాత్రి చారన్నంలో పొరటు నంజుకుంటూ ఈ సంగతి చెబితే శేషారత్నం నవ్వింది.

"పెద్దాఫీసరు మెట్ల మీద కనపడితే జ్వరంగా ఉందని చెప్పాలి గానీ, వంటని చెప్తారా ఎవరన్నా?"

"అడిగారు, చెప్పాను. ఏవవుతుందే?"

"ఏవవుతుందో నాకేం తెలుసు. ఆ చారు ఇటివ్వండి," అంది.

ఏమవుతుందో మర్నాడు తెలిసింది. "పనిదినముల యందు సగటు కుటుంబీకుడు సాధారణ సరుకులతో, అల్ప ప్రయాసతో సాయంకాలీన భోజనమును సిద్ధపరచుకొను నిమిత్తము సులభ భోజన మిషన్ ప్రారంభింపబడినది. క్షేత్రానుభవము గల శ్రీ అనంతశయనం నోడల్ అధికారిగా నియమింపబడినారు." ఉత్తర్వు చూసి అనంతశయనం పొంగిపోయాడు. అబద్ధమెందుకు, ఎవరైనా పొంగిపోతారు. సీటు కిటికీ దగ్గరికి మారింది, బల్ల మీదికి పేరున్న పలక వచ్చింది. అతను ఐదింటికి ఇంటికి వెళ్ళడం ఆ రోజుతోనే ఆఖరు.

మిషన్ నడిపే బాధ్యత జాయింట్ డైరెక్టరు మంగతాయారు గారి మీద పడింది. నిబంధనల విషయంలో ఆవిడ పెట్టింది పేరు. మొదటి సమావేశం సాయంత్రం ఐదున్నరకి పెట్టారు. పగలు పెట్టకూడదా అని అనంతశయనం వినయంగా అడిగాడు.

"పనిదినాల సాయంకాలీన భోజనాన్ని పనిదినాల సాయంకాలమే అధ్యయనం చెయ్యాలి," అంది మంగతాయారు. "పగలు చర్చిస్తే అది మధ్యాహ్న భోజనం కిందికి వస్తుంది. ఆ విషయం వేరే శాఖ పరిధిలోది."

దాంతో వారంలో ఐదు సాయంత్రాలూ సులభ భోజనం గురించి సమావేశాలు మొదలయ్యాయి. హోటల్ నుంచి మైసూరు బజ్జీలు, సదస్సు మందిరంలో ఏసీ. బయట చీకటి పడేది.

ముందు సాధారణ సరుకు అంటే ఏమిటో తేల్చాలన్నారు. అనంతశయనం లేచాడు.

"కొట్లో ఉండేవేనండి. పప్పు, ఉప్పు, చింతపండు, ఉల్లిపాయలు, టమాటాలు..."

"టమాటా సాధారణమని మీరెలా నిర్ధారించారు?" అంది మంగతాయారు. "ఒక నెల అందరికీ అందుతూ, ఇంకో నెల ఆకాశంలో ఉండే వస్తువుకి మనం శాశ్వత హోదా ఇవ్వలేం."

టమాటా పోయింది. ఉల్లిపాయని కార్తీకమాసంలో చాలా ఇళ్ళలో ముట్టరు కాబట్టి, ఋతుపరమైన వివాదంలో ఉన్న వస్తువుగా గుర్తించి పక్కన పెట్టారు. గుడ్డు పశుసంవర్ధక శాఖ వారిది, వాళ్ళు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఇంగువ పరాయి దేశం నుంచి వస్తుంది, కాబట్టి విదేశీ వ్యవహారం. చింతపండు పులుపు కీళ్ళకి పడదని సభ్యులలో ఒకాయన తన మోకాళ్ళనే సాక్ష్యంగా చూపించాడు.

"కరివేపాకన్నా ఉంచండి మేడమ్," అన్నాడు అనంతశయనం.

"బిల్లు చూపించగలరా?"

"కరివేపాక్కి బిల్లేంటండీ! పక్కింటావిడ చెట్టుంది. ఓ రెబ్బ తుంచుకుంటాం."

"అయితే అది విరాళం. విరాళాలు స్వీకరించే అధికారం ఈ కార్యాలయానికి లేదు," అంది మంగతాయారు. కరివేపాకునీ అందరూ మామూలుగా తీసేసినట్టే తీసి పక్కన పెట్టారు.

కందిపప్పు మీద ఒక సాయంత్రమంతా గడిచింది. బియ్యం విషయం మధుమేహ నిపుణుల అభిప్రాయానికి పంపారు. చివరికి జాబితాలో ఉప్పు, పసుపు, నీళ్ళు మిగిలాయి. రక్తపోటున్న ఒకాయన ఉప్పు మీద అసమ్మతి పత్రం జతచేశాడు. నీళ్ళ విషయంలో మాత్రం ఏకాభిప్రాయం కుదిరింది. సభ్యులు బల్లలు చరిచారు, డైరెక్టరు గారు అభినందించారు.

తర్వాత సులువు అన్నమాటకి నిర్వచనం. వంట వచ్చినవాళ్ళకి ఏదైనా సులువే, అసలు వంటింటి గడప తొక్కనివాళ్ళకి కూడా చాతనయ్యేదే సులువని డైరెక్టరు గారు సెలవిచ్చారు. అలాంటి మనిషి ఒకడు ప్రయోగానికి కావాలని మంగతాయారు అడగగానే, సమావేశంలో ఉన్న మగవాళ్ళందరూ చేతులెత్తారు. ఇంత ఉత్సాహం ఆ కార్యాలయంలో ఇదివరకెన్నడూ కనపడలేదు.

ఇక్కడ ఇలా జరుగుతుంటే, అక్కడ శేషారత్నం రోజూ చీకటింటికి వస్తోంది. తాళం తనే తీసుకోవడం, లైటు తనే వేసుకోవడం. డ్యూటీలో నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తుంటే బియ్యం కడిగే ఓపిక ఎక్కడిది? టీ పెట్టుకుని బన్ను ముంచుకు తినేది. ఒక రోజు రెండు అరటిపళ్ళు. ఇంకో రోజు కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే పుట్నాలపప్పు డబ్బా మూత తీసి, నిలబడే తినేసి పడుకుంది.

ఫోన్ చేస్తే అనంతశయనం గుసగుసగా మాట్లాడేవాడు.

"ఎక్కడున్నారండీ?"

"సులువుగా వండుకోవడం ఎలా అని మీటింగు."

"తేలిందా?"

"పోపు దగ్గర ఆగిపోయిందే."

నిజంగానే పోపు దగ్గర ఆగింది. నూనెలో ఆవాలు చిట్లి కంట్లో పడే ప్రమాదం ఉందని భద్రతా విభాగం వారు రాశారు. పోపు పెట్టే మనిషి కళ్ళకి అద్దాలు, చేతులకి తొడుగులు ధరించాలి, పక్కన ఇసుక బకెట్ ఉండాలి, గరిటె పట్టుకునే ముందు బాధ్యత గల అధికారి సంతకం ఉండాలి. ఆ బాధ్యత గల అధికారి ఎవరన్నది తేలకపోవడంతో పోపు ఫైలు అందరి బల్లల మీదా తిరుగుతోంది.

ఓ శుక్రవారం అనంతశయనం ఇల్లు చేరేసరికి శేషారత్నం మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది.

"తిన్నావా?" అన్నాడు.

"తిన్నాలెండి ఏదో."

"రేపట్నుంచి త్వరగా వస్తానే."

"రోజూ అదే చెప్తున్నారు." ఆవిడ లేచి కూర్చుంది. "అన్నం కోసం కాదండీ. అన్నం హోటల్లోనూ దొరుకుతుంది. నేను మెట్లెక్కుతుంటే మనింట్లోంచి పోపు వాసన రావాలి. ఆ వాసనొస్తే మీరు లోపలున్నారని తెలుస్తుంది. డ్యూటీలో పడ్డ కష్టమంతా అక్కడే పోతుంది నాకు. అది లేకపోతే ఇది కూడా ఇంకో వార్డులాగే ఉంది."

అనంతశయనం మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నోడల్ అధికారి పదవి మీద అతనికి మొదటిసారి అసహ్యం వేసింది.

ఆ మరుసటి వారం ప్రయోగాత్మకంగా చారు కాచారు. చింతపండుకీ ఆవాలకీ ఆ ఒక్క సాయంత్రానికి తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. సదస్సు మందిరంలో పొయ్యి పెట్టి, పని సులువు కావడం కోసం విభాగాలు చేశారు. నీళ్ళ విభాగం, పులుపు విభాగం, ఉప్పు విభాగం, పోపు విభాగం. ముందు విభాగం సంతకం చేస్తేనే తర్వాతి విభాగం గిన్నె దగ్గరికి రావాలి.

నీళ్ళు బ్రహ్మాండంగా మరిగాయి. పులుపు పడింది. ఉప్పు విభాగం అధిపతి మేనకోడలి నిశ్చితార్థానికి సెలవు పెట్టాడు. ఆయన బదులు ఉప్పు వెయ్యడానికి ఇంకెవరికీ అధికారం లేదు. అనంతశయనం చెయ్యి చాపితే మంగతాయారు కళ్ళెర్రజేసింది. ఫోన్లో అధికారం బదలాయించేలోగా నీళ్ళు ఇగిరిపోయాయి. కొత్త నీళ్ళకి కొత్త మంజూరు కావాలన్నారు నీళ్ళ విభాగం వారు. పోపు విభాగంలో ఉన్న ఆయన నల్లకళ్ళద్దాలూ తొడుగులూ వేసుకుని, ఇసుక బకెట్ పక్కన పెళ్ళికొడుకులా కూర్చుని, పిలుపు రాక కునుకు తీశాడు.

చీకటి పడ్డాక డైరెక్టరు గారు రుచి చూడటానికి వచ్చారు. గిన్నెలో అప్పుడే మంజూరైన చల్లటి పులుపునీళ్ళు ఉన్నాయి. ఆయన చెంచాతో నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నారు. అందరూ ఊపిరి బిగబట్టారు.

"సరళంగా ఉంది," అన్నారు.

చప్పట్లు మోగాయి. ప్రయోగం విజయవంతమైందనీ, భోజనం మాత్రం రెండవ దశలో చేపట్టబడుతుందనీ నివేదిక రాశారు. రాసింది అనంతశయనమే. ఆ రాత్రి శేషారత్నం ఫోన్ కూడా చెయ్యలేదు.

మిషన్ ఘనత లోకానికి చాటడానికి ఒక ఆదర్శ గృహం కావాలని తర్వాత అనుకున్నారు. నోడల్ అధికారి ఇంటికన్నా ఆదర్శమైన ఇల్లు ఏముంటుంది? ముందుగా చెబితే వండి పెడతారు కాబట్టి, చెప్పకుండా మంగతాయారు గారే ఓ రోజు ఎనిమిది దాటాక తనిఖీకి బయలుదేరింది. ఆ సమయానికి అనంతశయనాన్ని ఆఫీసులోనే రెండవ దశ నివేదిక రాయమని కూర్చోబెట్టింది.

తలుపు తీసిన శేషారత్నం ఇంకా యూనిఫాంలోనే ఉంది. చేతిలో టీ కప్పు, కప్పులో సగం మునిగిన బన్ను. మంగతాయారు తిన్నగా వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి.

"సాయంకాలీన భోజనం ఏదమ్మా?"

"ఇదేనండి," అంది శేషారత్నం కప్పు చూపించి.

"సులభ భోజన మిషన్ నోడల్ అధికారి ఇంట్లో భోజనం లేదా?"

"వండే మనిషి మీ దగ్గరున్నాడు కదండీ! ఇంటికి పంపండి, ఉంటుంది."

"అమ్మా, అది పరిపాలనాపరమైన విషయం."

"నాది ఆకలి విషయమండి," అంది శేషారత్నం. బన్ను తెగి టీలో పడిపోయింది. ఆవిడ దాన్ని చెంచాతో తీసుకుని తినసాగింది.

మర్నాటికల్లా ఉత్తర్వు వచ్చింది. "మీ గృహమునందు సాయంకాలీన భోజనము లభ్యము కాకపోవుట మిషన్ ప్రతిష్ఠకు భంగకరమైనందున, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు మిమ్ములను విధుల నుండి తాత్కాలికముగా తొలగించడమైనది. విచారణ నిమిత్తము ప్రతి సాయంకాలము మీరు స్వగృహమునందే అందుబాటులో ఉండవలెను."

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మచ్చ లేని మనిషి. కాగితం పట్టుకుని ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. డ్యూటీకి బయలుదేరబోతున్న శేషారత్నం దాన్ని తీసుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"అంటే మిమ్మల్ని సాయంత్రం ఇంట్లోనే ఉండమన్నారా?"

"ఊఁ."

"ఇది శిక్షా?"

"శిక్షే."

"ఇంకా పెద్ద తప్పేదన్నా చెయ్యలేకపోయారా మరి!" అంది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు ఆవిడకి నవ్వొచ్చింది, తర్వాత అతనికి.

ఆ సాయంత్రం అనంతశయనం కొట్టుకి వెళ్ళి టమాటాలు, కొబ్బరి చిప్ప, అప్పడాలు తెచ్చాడు. పక్కింటి చెట్టు నుంచి కరివేపాకు తుంచాడు, బిల్లు లేకుండా. పెసరపప్పు దోరగా వేయించి సొరకాయతో కలిపి ఉడికించాడు. చారు మరుగుతుంటే చేతి వాటంగా ఉప్పు వేశాడు. ఎవరినీ అడగలేదు. మెట్ల మీద శేషారత్నం చెప్పుల చప్పుడు వినపడ్డాక నెయ్యి కాచి, ఆవాలూ జీలకర్రా ఎండుమిరపకాయా వేశాడు. చెప్పుల చప్పుడు మెట్ల మధ్యలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత గబగబా పైకొచ్చింది.

ఆ రాత్రి వాళ్ళు తిన్నంత సేపూ మాట్లాడుకున్నారు. చెయ్యి ఎండిపోయినా లేవలేదు. తన ఉద్యోగం ఊగిసలాడుతోందన్న సంగతి అనంతశయనానికి పడుకోబోయే ముందు గుర్తొచ్చింది. అయినా అతను హాయిగా నిద్రపోయాడు.

సుఖం మూన్నాళ్ళే అయింది. విచారణాధికారిగా మంగతాయారు వచ్చింది. నేరం సాయంకాలీన భోజనానికి సంబంధించింది కాబట్టి, విచారణ ఆ వేళకే జరగాలని ఆవిడ వాదన. కుర్చీలో నిటారుగా కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. లోపల మెంతికూర పప్పు పోపులో ఎండుమిరపకాయ వేగింది. ఆవిడ ప్రశ్న మధ్యలో ఆగిపోయింది.

"అదేమిటి?"

"పప్పండి."

"సాక్ష్యాన్ని పరిశీలించాలి," అంది.

పరిశీలించింది. రెండోసారి వడ్డించమని అడిగి పరిశీలించింది. ఎన్నో సాయంత్రాలుగా సమావేశాల్లో బజ్జీలు తిని తిని ఆవిడ కడుపు అన్నం అనే వస్తువునే మర్చిపోయింది. కంచం చివర పెరుగన్నం తింటూ, కళ్ళు తుడుచుకుని, ఘాటు అంది. పెరుగన్నంలో ఘాటేమిటని అనంతశయనం అడగలేదు. విచారణ ఒక్క సాయంత్రంతో తేలేది కాదనీ, ప్రతి వంటకాన్నీ విడివిడిగా చూడాలనీ ఆవిడ రాసుకుంది.

రెండో వారంలో డైరెక్టరు గారే వచ్చారు, విచారణ తీరును పర్యవేక్షించడానికి. వంకాయ కాల్చి చేసిన పచ్చడి ఆయన్ని కదిలించేసింది. ఇక రోజూ రావడం మొదలుపెట్టారు. విచారణ దీర్ఘకాలం సాగాల్సి ఉందని ఫైలు మీద రాసి, సస్పెన్షన్ పొడిగించారు. అరటికాయ వేపుడు ఉన్న రోజు మరోసారి పొడిగించారు.

శేషారత్నం వచ్చేసరికి ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ నిండి ఉండేవి. ఆవిడ వంటింట్లో గట్టు దగ్గర నిలబడి తినేది. అనంతశయనం ముందు గదిలో, "ఇంకాస్త చారు పొయ్యమంటారా సార్?" అంటూ గరిటె పట్టుకు తిరిగేవాడు. పోపు వాసన ఉంది, మనిషి ఉన్నాడు, కానీ ఒకే ఇంట్లో ఉండి మళ్ళీ ఒకళ్ళకొకళ్ళు దొరక్కుండా పోయారు. ఇది అతనికి ఆఫీసులో ఉన్నప్పటి కంటే ఎక్కువ బాధగా ఉండేది.

"వీళ్ళని ఎలా పంపేదే?" అన్నాడు గిన్నెలు కడుగుతూ.

"చారులో ఉప్పు ఎక్కువెయ్యండి."

"నువ్వూ తినాలి కదా!"

శేషారత్నం అతని వైపు చూసింది. ఆ చూపుకి గిన్నె అతని చేతిలోంచి జారింది.

ఒక గురువారం రాత్రి విచారణ ముమ్మరంగా సాగుతోంది. డైరెక్టరు గారు ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటున్నారు, మంగతాయారు గారు అప్పడం విరుస్తున్నారు. తలుపు చప్పుడైంది. అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న శేషారత్నం వెళ్ళి తీసింది. గుమ్మంలో నడివయసు ఆవిడ నిలబడి ఉంది. పట్టుచీర కాదు గానీ మంచి చీర.

"మా ఆయన ఇక్కడ విచారణలో ఉన్నారని డ్రైవరు చెప్పాడమ్మా. నా పేరు వైదేహి," అంది.

డైరెక్టరు గారి ముద్ద గాల్లో ఆగిపోయింది. వైదేహి లోపలికొచ్చి, ఆ ముద్దనీ, కంచాన్నీ, నూనె అంటిన ఆయన మీసాన్నీ తీరిగ్గా చూసింది.

"ఇదేనా విచారణ?"

"వైదేహీ, ఇది మిషన్‌కి సంబంధించిన అత్యంత కీలకమైన..."

"మీరు తినండి, మాట్లాడకండి. పొలమారుతుంది."

శేషారత్నం ఇంకో కంచం పెట్టింది. వైదేహి మొహమాటపడలేదు, కూర్చుని తింది. సగం తిన్నాక కంచంలోకి చూస్తూ చెప్పింది.

"మా ఇంట్లో వంటమనిషి సాయంత్రమే వండి, మూతలు పెట్టి పోతుంది. నేనొక్కదాన్నే టీవీ ముందు కూర్చుని తింటాను. ఈయన ఎప్పుడొస్తారో తెలీదు. ఆ చల్లారిన కూర వేడి చేసుకోబుద్ధి కూడా కాదు." తలెత్తి భర్త వైపు చూసింది. "ఏమిటండీ మీ మిషను? జనం పెందలాడే ఇంటికెళ్ళి సులువుగా ఇంత అన్నం వండుకు తినాలనే కదా?"

"అదే లక్ష్యం."

"మీరు జనం కాదా?"

డైరెక్టరు గారు ముద్ద మింగారు. మంగతాయారు గారు అప్పడం శబ్దం రాకుండా నమలడానికి ప్రయత్నించారు. అప్పడంతో అది కుదిరే పని కాదు.

"నాకు వంట రాదు కదా," అన్నారు డైరెక్టరు గారు చివరికి. "పైగా విధివిధానాలు ఇంకా ఖరారు కాలేదు..."

"వీధి చివర కొట్టు తెరిచే ఉంది, వచ్చేటప్పుడు చూశాను," అంది వైదేహి. "రేపు ఐదింటికి బయలుదేరండి. టమాటాలు తీసుకురండి. ఆ పాటి చాతకాకపోతే ఈయన్ని ఏ మొహంతో విచారిస్తున్నారు?"

జన్మలో మొదటిసారి డైరెక్టరు గారు ఒక ఉత్తర్వుని కాగితం లేకుండా స్వీకరించారు. చెయ్యి కడుక్కుని, భార్య వెనకాలే మెట్లు దిగి వెళ్ళిపోయారు. మంగతాయారుకి తన ఇంట్లోనూ ఒక ముసలి తల్లి తన కోసం కనిపెట్టుకుని ఉంటుందన్న సంగతి జ్ఞాపకం వచ్చినట్టుంది, ఓ చిన్న గిన్నెలో చారు అడిగి పట్టుకెళ్ళింది.

తర్వాతంతా చకచకా జరిగిపోయింది. డైరెక్టరు గారు ఐదింటికి వెళ్ళిపోతుంటే సాయంత్రం సమావేశాలకి అధ్యక్షత వహించేవాళ్ళు లేరు. విచారణ నివేదికలో మంగతాయారు, నోడల్ అధికారి ఇంట్లో భోజనం నిస్సందేహంగా ఉన్నదనీ, తాను ప్రత్యక్ష సాక్షిననీ, పలుమార్లు సాక్షిననీ రాసింది. అనంతశయనం ఉద్యోగం తిరిగొచ్చింది. మిషన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. అది కూడా దుప్పట్ల పుస్తకం పక్కన బీరువాలో క్షేమంగా ఉంది.

ఆ సోమవారం రాత్రి అనంతశయనం దోసకాయ పప్పు చేశాడు, చారు పెట్టాడు. ఎంతోకాలానికి ఇంట్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇద్దరూ నేల మీద కంచాలు పెట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. శేషారత్నం వార్డులో జరిగిందేదో చెప్పడం మొదలుపెట్టిందో లేదో, ఫోన్ మోగింది. పక్కనే ఉందని ఆవిడే తీసింది.

"అమ్మా, నేను పురందర్‌ని. అనంతశయనం ఉన్నాడా? చాలా అత్యవసరం. ఆవాలు వేశాను, అవి చిటపటమంటున్నాయి. ఇప్పుడు తదుపరి చర్య ఏమిటో..." వెనక వైదేహి నవ్వుతున్న శబ్దం వినపడుతోంది.

అలవాటు కొద్దీ అనంతశయనం లేవబోయాడు. ఎంగిలి చెయ్యి ఫోన్ వైపు చాచాడు. శేషారత్నం ఎడమ చేత్తో అతని భుజం నొక్కి మళ్ళీ కూర్చోబెట్టింది.

"మా ఆయన భోంచేస్తున్నారండీ," అంది. "ఏదన్నా ఉంటే రేపు ఆఫీసు టైములో అడగండి."

ఫోన్ పెట్టేసి, కంచం దగ్గరికి జరుపుకుంది. అనంతశయనం ఆవిడ అన్నంలో చారు పోశాడు. ఆవిడ ఆపిన చోటు నుంచి వార్డు కబురు మళ్ళీ అందుకుంది.